జీటీ 730: పేరు ఒకటే, కార్డులు మూడు

జీఫోర్స్ జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ జీటీ 730? ఎన్విడియా 2014 జూన్‌లో ఈ పేరుతో మూడు రకాల కార్డులు తెచ్చింది. డబ్బా మీద పేరు ఒకటే. లోపలి చిప్పు, మెమరీ, కరెంటు వాడకం మాత్రం ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయి. నేను ఏళ్ల తరబడి వాడుతున్నది 2 జీబీ డీడీఆర్3 మెమరీ ఉన్న కెప్లర్ రకం (కెప్లర్ అంటే ఎన్విడియా చిప్పుల్లో ఒక తరం పేరు). మధ్యలో కొంతకాలం జీడీడీఆర్5 రకాన్ని కూడా ఇదే కంప్యూటర్‌లో పెట్టి వాడాను. మిగతా భాగాలేవీ మారలేదు కాబట్టి రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో నాకు బాగా తెలిసింది.

ముందు అంకెలు చూద్దాం. మొదటి రకంలో ఉన్నది జీఎఫ్108 అనే ఫెర్మి చిప్పు, అంటే కెప్లర్‌కు ముందు తరానిది. 40 నానోమీటర్ల తయారీ, 96 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), 700 మెగాహెర్ట్జ్ క్లాక్, 128 బిట్ల బస్ (చిప్పుకూ మెమరీకీ మధ్య డేటా దారి), డీడీఆర్3 మెమరీ, 49 వాట్ల వాడకం. ఇది నిజానికి 2010లో వచ్చిన జీటీ 430లోని చిప్పే. రెండో రకంలో జీకే208 అనే కెప్లర్ చిప్పు ఉంటుంది. 28 నానోమీటర్లు, 384 కోర్లు, 902 మెగాహెర్ట్జ్, 64 బిట్ల బస్, డీడీఆర్3 మెమరీ, 23 వాట్లు. మూడోది కూడా అదే జీకే208, అవే 384 కోర్లు, అదే 902 మెగాహెర్ట్జ్. డీడీఆర్3కి బదులు జీడీడీఆర్5 మెమరీ ఉంటుంది, వాడకం 25 వాట్లు.

రెండో రకానికీ మూడో రకానికీ తేడా మెమరీ ఒక్కటే కదా, దానికింత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. మెమరీ వేగాన్ని బస్ వెడల్పుతో గుణించి, బిట్లను బైట్లుగా మార్చడానికి 8తో భాగిస్తే బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు మెమరీ నుంచి అందే డేటా ఎంతో వస్తుంది. డీడీఆర్3 మెమరీ ఒక్కో తీగ మీద సెకనుకు 1.8 గిగాబిట్లు పంపుతుంది. 64 బిట్ల బస్ మీద అది సెకనుకు 14.4 గిగాబైట్లు. ఫెర్మి రకంలో బస్ 128 బిట్లు కాబట్టి 28.8 గిగాబైట్లు. జీడీడీఆర్5 వేగం 5 గిగాబిట్లు కావడంతో అదే 64 బిట్ల మీద 40 గిగాబైట్లు. అంటే ఒకే చిప్పు ఉన్న రెండు కార్డుల్లో ఒకదానికి మెమరీ నుంచి డేటా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా అందుతుంది. లెక్కలు చేసే శక్తి రెండింటికీ సమానమే, సుమారు 690 గిగాఫ్లాప్స్ (ఒక గిగాఫ్లాప్ అంటే సెకనుకు వంద కోట్ల లెక్కలు). డీడీఆర్3 రకంలో ఆ శక్తిలో చాలా భాగం డేటా కోసం ఎదురు చూడటంలోనే పోతుంది.

ఆటల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా డీడీఆర్3 కార్డు మీద 1080పీలో తడబడే ఆట, రిజల్యూషన్‌ను 720పీకి తగ్గించగానే సాఫీగా నడుస్తుంది. అంచుల గరుకును తగ్గించే ఎంఎస్ఏఏ పెడితే మాత్రం వెంటనే కూలబడుతుంది, ఎందుకంటే ఆ పని నేరుగా మెమరీ మీద పడుతుంది. నీడల నాణ్యత తగ్గిస్తే మేలు. టెక్స్చర్లను కొంచెం ఎక్కువలో ఉంచినా పెద్ద నష్టం లేదు, 2 జీబీ వాటికి చాలు. ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా పెంచేటప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేసింది: కోర్ క్లాక్ పెంచితే తేడా కంటికి కనిపించలేదు, మెమరీ క్లాక్ కొద్దిగా పెంచితే కనిపించింది. జీడీడీఆర్5 కార్డు పెట్టినప్పుడు ఈ సర్దుబాట్లలో సగం అవసరమే రాలేదు. అవే ఆటలు, అదే ప్రాసెసర్, 1080పీలో తక్కువ సెట్టింగులతో హాయిగా ఆడుకోగలిగాను. అయినా ఆటల విషయంలో ఆశలు హద్దుల్లో ఉండాలి. ఈ కార్డు వచ్చేనాటికే ఉన్న ఆటలు, తేలికైన పోటీ ఆటలు, రెండు కొలతల ఆటలు, పాత కన్సోల్ ఎమ్యులేటర్లు, వీటికి జీటీ 730 సరిపోతుంది. ఆ తర్వాతి తరం పెద్ద ఆటలకు మూడు రకాల్లో ఏదీ చాలదు.

ఇక్కడే 4 జీబీ అనే అంకె గురించి చెప్పాలి. డీడీఆర్3 రకాల్లో 4 జీబీ కార్డులు కూడా వచ్చాయి. కొనేవాళ్ల కళ్లు ముందు పడేది ఆ అంకె మీదే, అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో రాసేదీ అదే. ట్యాంకు ఎంత పెద్దదైనా కింద పైపు సన్నదైతే కుళాయిలో ధార సన్నగానే వస్తుంది. సెకనుకు 14.4 గిగాబైట్లు మాత్రమే అందే కార్డు 4 జీబీని నింపి, ఆ డేటాను ఫ్రేము ఫ్రేముకూ చదివే పరిస్థితి వచ్చేసరికి ఆట ఆడలేనంత నెమ్మదిస్తుంది. 1 జీబీ జీడీడీఆర్5, 4 జీబీ డీడీఆర్3 పక్కపక్కన కనిపిస్తే నేను మారు ఆలోచన లేకుండా మొదటిదే తీసుకుంటాను.

వీడియోల సంగతి ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఈ తరగతి కార్డు కొనేవాళ్లలో చాలామంది రోజూ చేసే పని అదే. జీకే208 చిప్పు హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోను తనే డీకోడ్ చేస్తుంది, అంటే విప్పి చూపిస్తుంది. ఆ పని జరుగుతున్నప్పుడు ప్రాసెసర్ మీద బరువు దాదాపు ఉండదు. హెచ్ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతులు మాత్రం ఈ చిప్పుకు రావు. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 వీడియోలనే పంపుతుంది కాబట్టి ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. పాత రెండు కోర్ల ప్రాసెసర్ ఉంటే ఫ్యాన్ హోరెత్తిపోతుంది, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. దీనికి నేను వాడే ఉపాయం హెచ్264ఐఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. అది యూట్యూబ్ చేత హెచ్.264 వీడియోనే పంపించుకుంటుంది. అలా వచ్చే వీడియో 1080పీ దాటదు గానీ ఈ కార్డుకు తగిలించే మానిటర్లకు అంతకన్నా అక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసుకున్న హెచ్ఈవీసీ ఫైళ్లకు ఇలాంటి దారి లేదు, ప్రాసెసర్ మోయాల్సిందే.

పోర్టుల్లో ఒకటి వీజీఏ, ఒకటి డీవీఐ, ఒకటి హెచ్‌డీఎంఐ. పాత మానిటర్లు ఉన్నవాళ్లకు ఆ వీజీఏ వరమే, తర్వాతి తరాల కార్డుల్లో అది అరుదు. డ్యూయల్ లింక్ డీవీఐ మీద 2560×1600 వరకు 60 హెర్ట్జ్‌లో వస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 తరానిది కాబట్టి 4కే తెరకు పెడితే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. సినిమా చూడటానికి పర్వాలేదు, కానీ రోజంతా పని చేయాలంటే మౌస్ పాయింటర్ చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉండి చిరాకు పుడుతుంది. రెండు 1080పీ మానిటర్లతో మాత్రం ఇన్నేళ్లలో నాకు ఏ ఇబ్బందీ ఎదురవలేదు. టెక్స్టు పని, స్ప్రెడ్‌షీట్లు, బ్రౌజర్, ఫొటోలు సరిచేయడం, అన్నిటికీ ఈ కార్డు చాలింది.

శరీరం విషయంలో దీనికి వంక పెట్టలేను. కెప్లర్ రకం 23 వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఇచ్చే కరెంటే ఎక్కువ. చిన్న పవర్ సప్లైతో వచ్చే కంపెనీ డెస్క్‌టాప్‌లలో కూడా టెన్షన్ లేకుండా పెట్టుకోవచ్చు. సగం ఎత్తు బ్రాకెట్‌తో, సన్నటి క్యాబినెట్లలో పట్టే కార్డులు చాలా ఉన్నాయి. ఫ్యాన్ లేకుండా హీట్‌సింక్ మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. నాదానికి చిన్న ఫ్యాన్ ఉంది. కొన్నేళ్లకు దాని బేరింగ్ అరిగి కంప్యూటర్ ఆన్ చేయగానే గరగరమనేది. దుమ్ము తీసి, థర్మల్ పేస్టు మార్చాక చిప్పు వేడి తగ్గింది, శబ్దం మాత్రం ఫ్యాన్ మార్చేదాకా పోలేదు. దొరికితే ఫ్యాన్ లేని కార్డే తీసుకోమంటాను, కాకపోతే క్యాబినెట్‌లో గాలి ఆడాలి.

డ్రైవర్ల దగ్గర మూడు రకాల తేడా మళ్లీ బయటపడుతుంది, ఈసారి ఇంకా గట్టిగా. ఫెర్మి కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు 2018 ఏప్రిల్‌లో ఆగిపోయాయి, భద్రతా సవరణలు 2019 జనవరి వరకే వచ్చాయి. కెప్లర్‌కు ఆటల డ్రైవర్లు 2021 అక్టోబర్ దాకా, భద్రతా సవరణలు 2024 సెప్టెంబర్ దాకా వచ్చాయి. ఒకే పేరుతో, ఒకే ఏడాది కొన్న ఇద్దరిలో ఒకరికి ఐదేళ్లకు పైగా ఎక్కువ కాలం సహాయం అందింది. వల్కన్ (ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకునే ఒక పద్ధతి) ఫెర్మికి అసలు లేదు, కెప్లర్‌కు 1.2 వరకు ఉంది. గ్రాఫిక్స్ కార్డు చేత లెక్కలు చేయించే ఎన్విడియా వ్యవస్థ క్యూడాలో 12తో మొదలయ్యే వెర్షన్లు కెప్లర్‌ను వదిలేశాయి, కాబట్టి ఈ కార్డు మీద క్యూడా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే 11 తరంతోనే ఉండాలి.

లినక్స్‌లో కెప్లర్‌కు ఎన్విడియా సొంత డ్రైవర్లలో చివరిది 470 తరానిది. కెర్నల్ (లినక్స్ మూలభాగం) కొత్తదవుతున్న కొద్దీ ఆ డ్రైవర్‌కు అతుకులు వేయక తప్పదు, వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే వ్యవస్థతో కూడా అది సరిగ్గా పొసగదు. అందుకే నేను నూవో అనే ఉచిత డ్రైవర్‌కు మారిపోయాను. దాంతో డెస్క్‌టాప్ నిలకడగా నడుస్తుంది. కార్డు తక్కువ క్లాక్‌లోనే ఉండిపోతుంది గానీ, కెప్లర్ కాబట్టి కావాలంటే చేత్తో క్లాక్ పెంచుకోవచ్చు.

ఇప్పుడు ఈ కార్డు ఎవరికి పనికొస్తుంది? ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనివాళ్లకు: పాత ఏఎండీ ఎఫ్ఎక్స్, జీ అక్షరం లేని తొలి రైజెన్‌లు, ఎఫ్ అక్షరంతో ముగిసే ఇంటెల్ కోర్‌లు, చాలా జియాన్‌లు. మదర్‌బోర్డు మీద వీడియో పోర్టు పాడైనవాళ్లకు, రెండో మానిటర్ కావాల్సినవాళ్లకు కూడా. ఏడో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ కోర్‌లో గ్రాఫిక్స్ ఉంటే మాత్రం ఈ కార్డు జోలికి వెళ్లకండి. ఆ అంతర్గత గ్రాఫిక్స్ వీపీ9నూ 10 బిట్ల హెచ్ఈవీసీనీ స్వయంగా డీకోడ్ చేస్తుంది, ఈ కార్డు పెట్టి మానిటర్ తీగను దీనికి మారిస్తే వీడియోల్లో వెనక్కి వెళ్లినట్టే. మెమరీ లెక్కలో కూడా, రెండు చానెళ్ల డీడీఆర్3-1600 ర్యామ్ సెకనుకు 25.6 గిగాబైట్లు ఇస్తుంది. ప్రాసెసర్‌తో పంచుకోవాల్సి వచ్చినా, నా కార్డుకున్న 14.4తో పోలిస్తే అది తక్కువేమీ కాదు.

వాడిన కార్డు కొనేముందు, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెర ఫొటో అడగండి. అందులో చిప్పు పేరు జీకే208 అని, మెమరీ రకం జీడీడీఆర్5 అని, బ్యాండ్‌విడ్త్ 40 దగ్గర ఉండాలి. చిప్పు జీఎఫ్108 అని ఉంటే వద్దనండి, జీబీ ఎంతైనా సరే. అదే తెరలో యూఈఎఫ్ఐ (కొత్త మదర్‌బోర్డులు కంప్యూటర్‌ను మొదలుపెట్టే పద్ధతి) అన్న గడిలో టిక్ ఉందో లేదో కూడా చూడండి. అది లేని కార్డును కొత్త మదర్‌బోర్డులో పెడితే, మదర్‌బోర్డు సెట్టింగుల్లో సీఎస్ఎం (పాత పద్ధతిలో మొదలయ్యే ఎంపిక) ఆన్ చేసేవరకు తెర మీద ఏమీ రాకపోవచ్చు, కార్డు చచ్చిపోయిందని కంగారు పడతారు.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే 2017 మేలో వచ్చిన జీటీ 1030 వైపు చూడొచ్చు. వీపీ9, హెచ్ఈవీసీ రెండూ దానికి వచ్చు, 30 వాట్లతోనే నడుస్తుంది, 4కే 60 హెర్ట్జ్ ఇస్తుంది. వీజీఏ పోర్టు లేదు, వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు, కాబట్టి తెర రికార్డింగ్ భారం ప్రాసెసర్ మీదే ఉంటుంది. అక్కడా ఇదే కథ: జీడీడీఆర్5 రకానికి బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 గిగాబైట్లు, 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకానికి 16.8. ఆ రెండోది నా పాత కార్డు కన్నా ఈ లెక్కలో ఎంతో ముందుకు వెళ్లలేదు. వివరాల్లో మెమరీ రకం రాయకుండా 2 జీబీ అని మాత్రమే ఉంటే, రకం ఏదో చెప్పేదాకా డబ్బు కట్టకండి.