ఒకే కల్వర్టు, రెండు పత్రికలు: పద్నాలుగేళ్ల చందాదారు అనుభవం

ఏ పత్రిక ఎవరిదో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. 2008లో సాక్షి, 2011లో నమస్తే తెలంగాణ మొదలైనప్పుడే వాటి వెనుక ఏ కుటుంబం, ఏ ఉద్యమ పార్టీ ఉన్నాయో టీ బండి దగ్గరే తెలిసిపోయింది. విశాలాంధ్ర, ప్రజాశక్తి అయితే ఏ పార్టీవో ఏనాడూ దాచుకోలేదు. అందుచేత ఆ సంగతి వదిలి, మా వాకిట్లో రోజూ పడే రెండు దినపత్రికల జిల్లా పేజీల గురించే రాస్తున్నాను. వాటి పేర్లు చెప్పను.

ఎన్నికలకు ముందటి వానాకాలంలో మా ఊరి వాగు మీద కల్వర్టు కుంగింది. మొదటి పత్రిక, చెప్పులు చేతబట్టుకుని వాగు దాటుతున్న బడిపిల్లల ఫొటోను నాలుగు కాలమ్‌లలో వేసింది. రెండోది 'త్వరలో మరమ్మతులు' అన్న అధికారి మాటను ఆరు వరుసల్లో ఒక మూల సరిపెట్టింది. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, కల్వర్టు మాత్రం అలాగే ఉంది. మరుసటి ఏడు వాగు పొంగగానే నాలుగు కాలమ్‌ల ఫొటో రెండో పత్రికకూ, ఆరు వరుసల హామీ మొదటిదానికీ బదిలీ అయ్యాయి. కత్తిరింపులు నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కదానిలోనూ అబద్ధం లేదు. స్కేలు పెట్టి కొలిస్తేనే తేడా తెలిసింది. మండల విలేకరిని అడిగితే, "నేను రెండుసార్లూ ఒకేలా పంపాను మాస్టారూ, డెస్కులో అంతే పెట్టారు" అన్నాడు.

రెండూ కలిపి చదివితే నిజం దొరుకుతుందని అంతకుముందు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను, ఎందుకంటే రాత్రిళ్లు మా వీధిలో తిరిగే ఇసుక లారీల వార్త, ఏ ప్రభుత్వంలోనూ, రెండింటిలో ఏ ఒక్కదానిలోనూ రాలేదు. 2024 దాకా అమల్లో ఉన్న 1956 నాటి నిబంధనల ప్రకారం, పత్రిక ఎవరిదో తెలిపే ఫారం-4 ప్రకటన ఏటా ఫిబ్రవరి ముగిశాక అచ్చయ్యేది; దాన్ని కూడా శ్రద్ధగా దాచుకునేవాణ్ణి. ఒకసారి యజమాని పేరుండవలసిన చోట ఒక కంపెనీ, ఒక శాతానికి మించిన వాటాదారుల చోట మరో రెండు కంపెనీలు కనిపించాక ఆ ఉత్సాహమూ తగ్గింది.

పింఛను వస్తూ, పొద్దున్నే రెండు గంటల తీరిక ఉన్న నాబోటివాడికి రెండు చందాలూ దండగేమీ కావు. ఉద్యోగానికి పరుగెత్తే మా అబ్బాయికి మాత్రం ఈ సలహా ఇవ్వలేదు. నేనైతే వచ్చే ఎన్నికలయ్యాక మళ్లీ ఒక వానాకాలం గడిచేదాకా ఏదీ ఆపను.