ఫోర్ట్‌వర్త్: ఎడ్ల మందకు అరగంట చాలు, బొమ్మలకు పూటంతా కావాలి

పిల్లలు డల్లాస్‌లో ఉన్న మన కోనసీమ వాళ్లు గుడి, మాల్ చూసుకుని తిరిగొచ్చేస్తుంటారు. గంట ప్రయాణంలో ఫోర్ట్‌వర్త్ ఉందండి, ఓ రోజు అటు వెళ్లండి. కాకపోతే తీసుకెళ్లేవాళ్లు సాయంత్రం దాకా స్టాక్‌యార్డ్స్‌లోనే తిప్పుతారు. అక్కడ అంత పనేం లేదు.

అది ఒకప్పటి పశువుల సంత. 1867 నుంచి టెక్సాస్ పశువుల్ని చిషోమ్ దారిన కాన్సాస్ రైలు దాకా తోలుకెళ్లేవాళ్లకి ఈ ఊరు మజిలీ. 1876లో రైలు ఇక్కడికే వచ్చింది, తర్వాత ఆర్మర్, స్విఫ్ట్ కంపెనీలు మాంసం ఫ్యాక్టరీలు పెట్టాయి. దుక్కికీ పాడికీ కాదు, కోతకే వచ్చేవన్నమాట. పాడి ఉన్న ఇంట పుట్టినదాన్ని, ఆ పాత దొడ్ల మధ్య నడుస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు రోజూ పదకొండున్నరకీ నాలుగింటికీ లాంగ్‌హార్న్ ఎడ్లని ఇటుకరోడ్డు మీద గుర్రాలవాళ్లు తోలుకెళ్తారు. టిక్కెట్టు లేదు. మూపురం ఉండదు, గంగడోలు నామమాత్రం. కొమ్ములు మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి ఆరడుగులు దాటినవి ఉన్నాయి. అంతేసి కొమ్ములేసుకుని పక్కపక్కనే నడుస్తూ, తల కాస్త వాల్చి ఒకదాన్నొకటి తప్పించుకుంటాయి. కాసేపట్లో అయిపోతుంది. ఇక మిగిలేవి టోపీల కొట్లు, బూట్ల కొట్లు. ధర చూసి దణ్ణం పెట్టి వచ్చేయడమే. ఎక్కడైనా మూపురమున్న పశువు కనిపిస్తే మాత్రం పలకరించండి, వాళ్ల బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది.

హోటళ్లలో ఎటు చూసినా గొడ్డుమాంసమే. మా వారు ఆ వాసనకే లేచొచ్చేశారు. పులిహోర కట్టుకెళ్లండి, కింబెల్ ఆర్ట్ మ్యూజియం బయట చెట్ల కింద తినొచ్చు.

అసలు చూడాల్సింది ఆ కింబెల్. సొంత సేకరణకి టిక్కెట్టు లేదు, ప్రత్యేక ప్రదర్శనలకే కొనాలి. అహ్మదాబాద్ ఐఐఎం భవనానికి నక్షా గీసిన ఆర్కిటెక్ట్ లూయీ కాన్ దీన్నీ గీశాడు, 1972లో తెరిచారు. కప్పులు గోదావరి పడవ మీది గూడులా వంపు తిరిగి వరసగా ఉంటాయి. నడినెత్తిన సన్నటి చీలిక. అందులోంచి దిగిన ఎండ కింద వేలాడే అల్యూమినియం రేకుకి తగిలి, తిరిగి పైకి చిమ్మి, సిమెంటు మీద వెండిరంగులో పరుచుకుంటుంది. మబ్బు పడితే గదిలో వెలుగూ మారుతుంది. నేను బల్ల మీద కూలబడి అదే చూస్తుంటే, “రండి అత్తయ్యా, బొమ్మలు చూద్దురుగాని” అని మా కోడలు లేవదీసింది.

మైకెలాంజెలో పన్నెండు పదమూడేళ్లప్పుడు చెక్క పలక మీద వేసిన బొమ్మ అక్కడుంది. సెయింట్ ఆంథొనీ అనే క్రైస్తవ సన్యాసిని గాల్లో దయ్యాలు పీకుతుంటాయి. ఓ దయ్యానికి ఒంటి నిండా పొలుసులు. అవి కుదరాలని కుర్రాడు చేపల బజారుకి వెళ్లి చూసొచ్చాడని అప్పట్లోనే రాశారు. పొలుసు మీద పొలుసు ఎక్కే వరస చూశాను, చేపలు తోమిన చేతులు నావి, వంక పెట్టలేకపోయాను. మా వారు మాత్రం కారవాజియో వేసిన పేకాటరాయుళ్ల బొమ్మ దగ్గరే ఆగిపోయారు. వెనకాల నడుములో దాచిన ముక్క లాగే కుర్రాడు, వేళ్ల కొసలు చిరిగిన తొడుగుతో సైగ చేసే వాడి తోడుదొంగ. సంక్రాంతి పేకాటలు ఎరిగిన మనిషి కదా!

దగ్గర్లోనే ఏమన్ కార్టర్ మ్యూజియం, అదీ ఉచితమే. రెమింగ్టన్, రస్సెల్ వేసిన పశువుల కాపర్ల బొమ్మలు మందని చూశాకే చూడండి. జపాన్ ఆర్కిటెక్ట్ తడావో ఆండో గీసిన మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో నాకు నచ్చింది బయటి చెరువే, లోపలి బొమ్మలు నా బుర్రకి ఎక్కలేదు.

సోమవారం వెళ్లకండి, కింబెల్‌కి సెలవు. పదకొండుకల్లా స్టాక్‌యార్డ్స్ చేరి, మంద దాటగానే కారెక్కేయండి. ఎండాకాలంలో నాలుగింటి మంద జోలికి పోవద్దు, మన రోహిణి కార్తె ఎండ కూడా దాని ముందు దిగదుడుపే.