పెద్దల పంచాయితీనా, సఖి కేంద్రమా?

పక్కింటి అమ్మాయి వాచిన చెంపతో మీ గడపలో నిలబడి "అక్కా, ఎవరికీ చెప్పకు" అంటే? మన అలవాటు పెద్దమనుషుల్ని పిలవడం. వాళ్లు పిలిస్తే అత్తింటివాళ్లూ వచ్చి కూర్చుంటారు, అది నిజమే. కానీ అరుగు మీద అందరి ముందూ ఆ పిల్ల ఏం చెప్పగలదు? చాలాసార్లు "సర్దుకుపో తల్లీ" అనే పంపేస్తారు.

హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట ఉచితంగా దొరుకుతాయి. కొద్ది రోజులు తలదాచుకోవచ్చు కూడా. మనం ఇరుక్కుంటామన్న టెన్షన్ అక్కర్లేదు: 2005 గృహహింస చట్టం ప్రకారం, సదుద్దేశంతో రక్షణాధికారికి (ఆ చట్టం కింద బాధితులకు సాయం చేసే అధికారికి) సమాచారమిచ్చినవాళ్లపై కేసు ఉండదు. నేనైతే, ఆమె సరేనంటే, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కే ఫోన్ చేస్తాను. పెద్దల్లోంచి నోరు జారని పిన్ని ఒకావిడ తోడొస్తే చాలు.