ఒక్కసారికి ఒక్కటే కోర్సు: కొలరాడో కాలేజీ బ్లాక్ ప్లాన్ ఎవరికి పడుతుంది?

అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో (సైన్సు, సాహిత్యం, కళలు అన్నీ కలిపి డిగ్రీ స్థాయిలో చెప్పే కాలేజీలు) మామూలుగా సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు పక్కపక్కనే నడుస్తాయి. కొలరాడో కాలేజీలో అలా కాదు. ఒక కోర్సు మొదలుపెట్టి, మూడున్నర వారాల్లో పరీక్షతో సహా ముగించేసి, ఆ తర్వాతే ఇంకోటి పట్టుకుంటారు. 1874లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పెట్టిన ఈ కాలేజీ 1970 నుంచి ఈ బ్లాక్ ప్లాన్‌తోనే నడుస్తోంది. 1978లో అయోవాలోని కార్నెల్ కాలేజీ కూడా ఇదే బాట పట్టింది (న్యూయార్క్‌లోని కార్నెల్ యూనివర్సిటీకీ దీనికీ సంబంధం లేదు). కొలరాడో కాలేజీలో చేరాలనుకునేవాళ్లు ర్యాంకులు తిరగేసేముందు ఈ వేగం తమకు పడుతుందో లేదో తేల్చుకోవాలి. నా లెక్కలో ఇది చాలామందికి గొప్ప చదువు, కొన్ని సబ్జెక్టులకు మాత్రం ఇరుకు చదువు.

ఒక బ్లాక్ అంటే 18 తరగతి రోజులు. సోమవారం మొదలై నాలుగో వారం బుధవారం మధ్యాహ్నానికి ముగుస్తుంది. మళ్లీ సోమవారం దాకా సెలవు. ఏడాదికి ఇలాంటివి ఎనిమిది. పదిహేను వారాల సరుకు 18 రోజుల్లోకి వస్తుంది కాబట్టి, ఒక్క రోజు క్లాసు పోతే మామూలు కాలేజీలో దాదాపు వారం పోయినట్టే. జ్వరం వచ్చి మూడు రోజులు పడుకుంటే ఆ కోర్సు గట్టెక్కడం కష్టం. అందుకే ఒంట్లో బాగోలేదనిపించిన పూటే ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాలి, తగ్గాక చెబుదాంలే అనుకోకూడదు.

క్లాసు సాధారణంగా ఉదయం 9 నుంచి 12 దాకా. సైన్సు వాళ్లకు మధ్యాహ్నం ల్యాబ్. మిగిలిన పొద్దంతా మర్నాటికి చదవాల్సింది, రాయాల్సింది. క్లాసులో ఉండేది మహా అయితే పాతికమంది. మూడు గంటలు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే చోట, చదవకుండా వచ్చినవాళ్లు పది నిమిషాల్లో దొరికిపోతారు. నోరు విప్పని పిల్లలకు మొదటి వారం నరకంగానే ఉంటుంది. కానీ రోజూ అవే ముఖాలు కాబట్టి రెండో వారానికి బెరుకు పోతుంది. వారానికి ఒక గంట కలిసే క్లాసులో అంత త్వరగా పోదు.

ఈ పద్ధతి అసలు బలం చూడాలంటే జియాలజీ చూడాలి. వేరే క్లాసు ఏదీ లేదు కాబట్టి ప్రొఫెసర్ మొత్తం క్లాసును వ్యాన్లెక్కించి నాలుగు రోజులు కొండల్లోకి తీసుకెళ్లినా ఎవరికీ ఏమీ మిస్సవదు. కాలేజీకి కాస్త దూరంలోనే, మనిటూ స్ప్రింగ్స్ అనే ఊరి దగ్గర, వంద కోట్ల ఏళ్లు దాటిన గులాబీ రంగు పైక్స్ పీక్ పర్వతపు గ్రానైట్ మీద దాదాపు 50 కోట్ల ఏళ్ల ఇసుకరాయి నేరుగా కూర్చుని కనిపిస్తుంది. మధ్యలో ఉండాల్సిన కాలమంతా అక్కడ రాతిలో లేదు. ఆ గీత మీద అరచెయ్యి పెడితే కింద ఒక యుగం, పైన ఇంకో యుగం. దీన్ని గంట క్లాసులో స్లైడు మీద చూపడానికీ, ఒక పూటంతా అక్కడే నిలబెట్టి కొలతలు తీయించి, రాత్రికి బొమ్మ గీయించడానికీ పోలికే లేదు. బయాలజీ, ఆంత్రోపాలజీ, ఫిల్మ్ కోర్సులకూ ఇదే లాభం.

లెక్కల దగ్గరే చిక్కు. కాలిక్యులస్‌లో సోమవారం లిమిట్, మంగళవారం కంటిన్యుటీ, బుధవారానికి డెరివేటివ్. సోమవారం అర్థం కానిది ఆ రాత్రికే తేలకపోతే బుధవారం క్లాసులో కూర్చున్నా ఏమీ ఎక్కదు. పిల్లవాడి తెలివి తక్కువై కాదు. లెక్కల్లో కొన్ని విషయాలు నాలుగైదు సార్లు నిద్రపోయి లేచాక గానీ బుర్రలో కుదురుకోవు, ఆ వ్యవధి ఇక్కడ ఉండదు. చేయగలిగింది ఒకటే: సందేహాన్ని మర్నాటికి మోయకుండా ఆ మధ్యాహ్నమే ప్రొఫెసర్ గదికి వెళ్లడం. భాషల సంగతి ఇంకోలా ఉంటుంది. రోజూ మూడు గంటలు ఫ్రెంచ్ మాట్లాడితే నెలలో నోరు తిరుగుతుంది, కానీ తర్వాతి ఫ్రెంచ్ కోర్సు మూడు నాలుగు బ్లాకుల తర్వాత పడితే అంతా మరుపున పడుతుంది. భాషా కోర్సులు, ఒకదానిమీద ఒకటి ఆధారపడే లెక్కల కోర్సులు వెంటవెంటనే వచ్చేలా ఏడాది మొదట్లోనే అమర్చుకోవాలి. ఇక్కడ కోర్సులకు పాయింట్లు పెట్టి పోటీ పడతారు: తమకిచ్చిన పాయింట్లలో ఎక్కువ పెట్టినవాళ్లకే ఆ కోర్సులో సీటు. వరుసలో కచ్చితంగా కావాల్సిన కోర్సుకే ఎక్కువ పాయింట్లు దాచుకోండి, సరదా కోర్సు తర్వాతైనా దొరుకుతుంది.

రెండు ల్యాబ్ బ్లాకులు, లేదా పేపర్లు ఎక్కువ రాయించే రెండు బ్లాకులు వెంటవెంటనే పెట్టుకుంటే రెండోదానికి ఊపిరి సలపదు. పరిశోధన పేపర్ ఉన్న కోర్సుకైతే వేరే లైబ్రరీల నుంచి తెప్పించే పుస్తకాలు బ్లాక్ మొదలవకముందే అడగాలి. అవి వచ్చేసరికి వారం గడిస్తే, పేపర్‌కు మిగిలేది రెండున్నర వారాలే.

మూడేళ్లు క్యాంపస్‌లోనే ఉండాలన్నది నియమం. అందరి పరీక్షలూ ఒకే బుధవారానికి ముగుస్తాయి కాబట్టి నాలుగో వారం హాస్టల్ మొత్తం ఒకే ఒత్తిడిలో ఉంటుంది, ఆ మధ్యాహ్నం అందరూ ఒకేసారి కొండలకు బయల్దేరతారు. కారు లేని విదేశీ విద్యార్థులు ఎవరితో వెళ్తున్నారో వారం ముందే మాట్లాడుకోకపోతే ఖాళీ హాస్టల్లో మిగిలిపోతారు. ఊరు ఆరు వేల అడుగుల ఎత్తున ఉంటుంది, కొత్తవాళ్లకు మొదటి కొన్ని రోజులు తలనొప్పి, నిద్రలేమి సహజం. వీలైతే కాస్త ముందే చేరి నీళ్లు బాగా తాగడం మంచిది. ఆ తలనొప్పితో మొదటి బ్లాక్ మొదటి వారాన్ని లాక్కురావడం చాలా కష్టం.

ఎఫ్-1 వీసా (విదేశీ విద్యార్థులకిచ్చేది) మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయొచ్చు. కానీ నెలనెలా ల్యాబ్ వేళలు మారతాయి. సాయంత్రం షిఫ్టులున్న పని చూసుకుని, ప్రతి బ్లాక్‌కు ముందే సూపర్‌వైజర్‌కు కొత్త టైంటేబుల్ ఇస్తేనే సాగుతుంది. పది గంటలు దాటితే చదువు దెబ్బతింటుందని నా అభిప్రాయం.

ఆర్థిక సాయం లేకుండా ఫీజు కట్టాల్సి వస్తే బస, భోజనంతో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. ఎనిమిదితో భాగిస్తే బ్లాక్‌కు 10 వేల పైమాటే. ఒక కోర్సు తప్పితే పోయేది అంత. ఎకనామిక్స్ తీసుకునే విదేశీ విద్యార్థులు తమ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏ సీఐపీ కోడ్ (అమెరికా ప్రభుత్వం సబ్జెక్టులకిచ్చే వర్గీకరణ సంఖ్య) కింద నమోదై ఉందో కాలేజీని అడిగి తీరాలి. 45.0603 అయితే చదువయ్యాక 12 నెలల ఓపీటీకి (ఎఫ్-1 మీదే అమెరికాలో పనిచేసే అనుమతి) మరో 24 నెలల స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల సబ్జెక్టుల వాళ్లకిచ్చే) పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 45.0601 అయితే ఆ అవకాశం ఉండదు.

చూసి నిర్ణయించుకుందామని వెళ్లేవాళ్లు బ్లాక్ మొదటి వారంలో కాకుండా మూడో వారంలో వెళ్లండి. వీలైతే ఒక క్లాసులో పూర్తిగా కూర్చుని, ఆ రాత్రి పదింటికి లైబ్రరీకి వెళ్లి, అక్కడ చదువుతున్నవాళ్లను రేపటికి ఇంకా ఎంత మిగిలిందో అడగండి.