తిండికి పేచీ పెట్టే కుక్కకు ఏ డ్రై ఫుడ్ మేలు?

మా కుక్క గిన్నెలోంచి ఒకే ఒక్క గుళికను మునిపళ్ళతో పట్టుకుని, పక్క గదిలోకి తీసుకుపోయి, తివాచీ మీద పెట్టేది. ఒకసారి నాకి, ముక్కుతో పక్కకు తోసి, నా మొహంలోకి చూసేది. సంచి తెరిచిన మొదటి వారంలో గిన్నె చప్పుడైతే చాలు, పరిగెత్తుకొచ్చిన కుక్కే ఇది. రెండు నెలలకు ఇలా తయారైంది. రకం మార్చాలేమోనని ఆరా తీస్తూ, ఒకరోజు సంచిలోకి తల వంచి గట్టిగా వాసన చూశాను. పాత నూనెకు పట్టే కనరు వాసన! అది ఇన్నాళ్ళూ పేచీ పెట్టలేదు, పాడైనదాన్ని వద్దంటోంది. ఆ రోజు కలిగిన బాధ ఇంకా పోలేదు. అప్పటినుంచి ఏ రెండు రకాలను పోల్చినా ముందుగా చూసుకునేది ఒకటే: ఇందులో కొవ్వు ఎక్కడుంది, ఎన్నాళ్ళు తాజాగా ఉంటుంది?

నాలుక మీద రుచి మొగ్గలు మనకు సుమారు 9,000 ఉంటే కుక్కకు 1,700 దాకానే ఉంటాయి. తినాలా వద్దా అన్నది దాని ముక్కే తేలుస్తుంది.

ఎక్కువగా కనిపించే పొంగిన గుళికలు ఎక్స్‌ట్రూడెడ్ రకం. మాంసం, ధాన్యం కలిపిన ముద్దను ఆవిరితో, తీవ్రమైన ఒత్తిడితో ఉడికిస్తూ మర రంధ్రాల గుండా నెడతారు. బయటపడగానే ఒత్తిడి తగ్గి ముద్ద పొంగుతుంది. తేమ సుమారు 10 శాతానికి తగ్గేదాకా ఆరబెట్టి, చివరగా కొవ్వునూ, కాలేయం వంటివాటిని ఎంజైములతో కరిగించి చేసిన రుచిద్రవాన్నీ పైన చల్లుతారు. కుక్కను గిన్నె దగ్గరికి రప్పించేది ఈ పైపూతే. ఈ రకం బలం అక్కడే ఉంది, బలహీనత కూడా అక్కడే. గుళిక నిండా సన్నని గుల్లలు, కొవ్వేమో పైన. గాలి తగిలినకొద్దీ అది చెడుతుంది. తాజా సంచిలో దీన్ని మించిన వాసన ఏ కొద్ది రకాలకో ఉంటుంది. పాత సంచిలో ఇంత త్వరగా విసుగు పుట్టించేదీ లేదు.

బేక్ చేసిన రకాన్ని ఓవెన్‌లో కాలుస్తారు. గుళిక గట్టిగా, బరువుగా, కరకరలాడుతూ ఉంటుంది. పైపూత సాధారణంగా తక్కువ కాబట్టి వాసనా నెమ్మదిగానే ఉంటుంది. నమలడం ఇష్టమైన కుక్కకు నచ్చవచ్చు. వాసన కోసం వెతికే కుక్కకు ఇది మొదటి ఎంపిక కాదు.

కోల్డ్ ప్రెస్డ్ రకంలో ముందే ఆరబెట్టి పొడిచేసిన దినుసులను తక్కువ వేడిలో అచ్చుల్లో నొక్కుతారు. నీళ్ళలో వేస్తే పొంగదు, విడిపోయి మెత్తని ముద్దవుతుంది. తక్కువ వేడి వల్ల విటమిన్లు నిలుస్తాయని దీన్ని మెచ్చుకుంటారు. నిజమే, కానీ వేడికి పోయే విటమిన్లను లెక్కగట్టి ఎక్స్‌ట్రూడెడ్ రకాల్లో ముందే అదనంగా కలుపుతారు. ఆ ఒక్క కారణంతో ఎక్కువ ఖర్చు పెట్టడం నాకు సబబనిపించదు.

గాలికి ఆరబెట్టినవి, ఫ్రీజ్ డ్రై చేసినవి, అంటే గడ్డకట్టించి నీటిని లాగేసినవి, మాంసం వాటా ఎక్కువున్న రకాలు. ఎంత పేచీ పెట్టే కుక్కైనా వీటి దగ్గర తల వంచుతుంది. అయితే ఖరీదు చాలా ఎక్కువ. కేలరీలు కూడా చిన్న పరిమాణంలోనే కిక్కిరిసి ఉంటాయి. పచ్చి మాంసాన్ని ఫ్రీజ్ డ్రై చేసినంత మాత్రాన సాల్మొనెల్లా వంటి క్రిములు చావవన్నది ముఖ్యమైన సంగతి. పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో నేనైతే ఆ పచ్చి రకాన్ని వాడను.

ఇక లేబుల్. దినుసులను వండకముందు బరువు ప్రకారం రాస్తారు. మొదటి పేరు 'కోడిమాంసం' అయితే సంతోషిస్తాం గానీ, పచ్చి మాంసంలో సుమారు 70 శాతం నీరే. 100 గ్రాముల్లో గుళికలో మిగిలేది 30 గ్రాములు. నీరు ముందే తీసేసిన 'చికెన్ మీల్' అయితే 90 గ్రాముల దాకా మిగులుతుంది. అందుకే మీల్ అన్న మాట చూసి సంచి పక్కన పెట్టకండి. అంతకంటే ముందు 'సంపూర్ణ, సమతుల ఆహారం' అన్న వాక్యం, అది ఏ వయసు కుక్కకో వెతకండి. అమెరికాలో పశువుల ఆహారాన్ని నియంత్రించే అధికారుల సంఘమైన ఆఫ్కో ప్రమాణాల ప్రకారం తేమ తీసేసి లెక్కిస్తే పెద్ద కుక్క ఆహారంలో కనీసం 18 శాతం ప్రోటీన్, 5.5 శాతం కొవ్వు ఉండాలి. కుక్కపిల్లకు అవే 22.5, 8.5. పేచీ పెట్టే కుక్కకు నేను కొవ్వు అంకెను ముందు చూస్తాను, కొవ్వు పెరిగితే రుచి పెరుగుతుంది. క్లోమం వాపు వచ్చిన కుక్కకు మాత్రం ఆ దారి వద్దు.

ధాన్యం ఉన్నదా, లేనిదా? 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని ఆహారాలకూ, కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బుకూ సంబంధం ఉందేమో పరిశీలిస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో చాలావరకు ధాన్యం లేకుండా బఠాణీలు, పప్పులు ఎక్కువగా కలిపినవే. అవే కారణమని తేలలేదు. అయినా పశువైద్యుడు చెప్పకుండా ధాన్యం మానిపించడం నాకిష్టం లేదు. కుక్కల్లో ఆహార అలర్జీకి తరచుగా కారణమయ్యేవాటిలో గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడి ముందుంటాయి, గోధుమ ఆ తరువాతే.

ఏ రకం నచ్చుతుందో తేల్చడానికి తయారీదారులు వాడే పద్ధతినే ఇంట్లోనూ వాడవచ్చు. రెండు గిన్నెల్లో రెండు రకాలు కాసిన్ని గుళికలు పెట్టి, మొదట దేని దగ్గరికి వెళ్ళింది, ఏది ఎక్కువ తిన్నది గమనించాలి. మర్నాడు గిన్నెల స్థానాలు మార్చాలి, ఎందుకంటే కొన్ని కుక్కలకు కుడి లేదా ఎడమ వైపే అలవాటు. మొదటిరోజు గెలుపును నమ్మవద్దు. కొత్తదంటే కుక్కకు మోజు. మా కుక్క ఫ్రీజ్ డ్రై ముక్కలను రెండురోజులు ఎగబడి తిని, నాలుగో రోజు రెండు గిన్నెల మధ్య సమంగా పంచుకుంది. ఎంచుకున్నాక 7 నుంచి 10 రోజులు పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ మార్చాలి, లేకపోతే కడుపు చెడుతుంది.

అసలు తక్కువ తింటోందా అన్నదీ లెక్క వేసుకోండి. 10 కిలోల బరువున్న, పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించిన పెద్ద కుక్కకు రోజుకు సుమారు 630 కేలరీలు చాలు. 100 గ్రాములకు 380 కేలరీలిచ్చే డ్రై ఫుడ్ అయితే అది దాదాపు 165 గ్రాములు. చేతితో పెట్టే చిరుతిళ్ళు అందులో పదో వంతు దాటకూడదు. చాలా ఇళ్ళలో పేచీ మూలం ఆ చిరుతిళ్ళలోనే ఉంటుంది.

నా ఎంపిక: కొవ్వు ఓ మోస్తరుగా ఉన్న మామూలు ఎక్స్‌ట్రూడెడ్ రకం, నెలలోపు అయిపోయేంత చిన్న సంచిలో. పెద్ద సంచి చవక, కానీ నెల దాటాక మిగిలేది కనరు గుళికలే. వేరే డబ్బాలోకి ఒంపకుండా, అదే సంచిలో గాలి తీసి మడిచి, చల్లని చోట ఉంచుతాను. పెట్టేముందు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు చల్లితే వాసన లేస్తుంది. ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేస్తాను. ఫ్రీజ్ డ్రై రకమంటే మీకు మనసుంటే, వండి చేసినదాన్ని కొని, నలిపి చిటికెడు పైన చల్లండి.

పళ్ళు ఊడిన ముసలి కుక్కకైతే నా ఎంపిక వేరు: నీళ్ళలో విడిపోయే కోల్డ్ ప్రెస్డ్. బాగా తినే కుక్క ఉన్నట్టుండి ముద్ద ముట్టకపోతే మాత్రం ఏ సంచీ మార్చకండి. పంటినొప్పి, వికారం, మూత్రపిండాల జబ్బు అన్నీ పేచీలాగే కనిపిస్తాయి. పెద్ద కుక్క ఒక రోజంతా తినకపోతే, కుక్కపిల్ల అయితే అంతకంటే ముందే, పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి.