జీసీఎస్ఈ ఇంగ్లిష్ లిటరేచర్‌కి పాత పేపర్లు, మార్క్ స్కీమ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఇంగ్లండ్‌లో జీసీఎస్ఈ (దాదాపు పదహారేళ్ల వయసులో రాసే పబ్లిక్ పరీక్ష) రాసే ఇయర్ 11 పిల్లలు ఇంగ్లిష్ లిటరేచర్‌లో గ్రేడ్ 5 దగ్గరో 6 దగ్గరో (అన్నిటికన్నా పైది 9) ఆగిపోతే చాలా ఇళ్లలో వెంటనే ఇంకో గైడు కొంటారు. నేను బ్యాచ్ తర్వాత బ్యాచ్‌తో వాడుతున్న సరంజామాకి పైసా ఖర్చు లేదు. పరీక్ష బోర్డు వెబ్‌సైట్‌లో దొరికే పాత ప్రశ్నపత్రం, దాని మార్క్ స్కీమ్ (దేనికి ఎన్ని మార్కులు వేయాలో చెప్పే కాగితం), ఆ సిరీస్‌కి, అంటే ఆ విడత పరీక్షకి, వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు. వీటికి తోడు ఒక టైమర్, కొన్ని ఫ్లాష్‌కార్డులు. ఇక్కడ ఏక్యూఏ అనే బోర్డు సిలబస్‌ని (కోడ్ 8702) పట్టుకుని చెబుతున్నాను. వేరే బోర్డయితే ప్రశ్నల తీరు, మార్కుల పంపకం మారతాయి కాబట్టి ముందు బడిలో ఏ బోర్డో, ఏ పాఠ్యపుస్తకాలో కనుక్కోండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మార్క్ స్కీమ్ పక్కన పెట్టుకుని, రాసిన పేరానే మళ్లీ రాయించడం వల్ల వచ్చినంత మార్పు మరి దేనివల్లా రాలేదు. దిద్దకుండా పేపర్ మీద పేపర్ రాయిస్తూ పోతే చెయ్యి నొప్పి పుడుతుంది, గ్రేడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

పరీక్ష రూపం ఇదీ. మొదటి పేపర్ 1 గంట 45 నిమిషాలు, 64 మార్కులు: షేక్‌స్పియర్ నాటకం మీద ఒక ప్రశ్న, 19వ శతాబ్దపు నవల మీద ఒకటి. రెండింటికీ మూలంలోని కొంత భాగం ప్రశ్నతో పాటే అచ్చువేసి ఇస్తారు. రెండో పేపర్ 2 గంటల 15 నిమిషాలు, 96 మార్కులు: ఆధునిక నాటకం లేదా నవల, ఆంథాలజీ (బోర్డు ఇచ్చే కవితా సంకలనం) కవితలు, ఎప్పుడూ చూడని కవితలు. పుస్తకాలు లోపలికి తీసుకెళ్లనివ్వరు. గణితంలోలాగా హయ్యర్, ఫౌండేషన్ అని వేరువేరు స్థాయిల పేపర్లు ఇందులో ఉండవు. అందరిదీ ఒకే పేపర్, గ్రేడ్ 9 నుంచి 1 దాకా.

ఇక మార్క్ స్కీమ్ సంగతి. ఏఓ అంటే అసెస్‌మెంట్ ఆబ్జెక్టివ్, దిద్దేటప్పుడు చూసే అంశం. 30 మార్కుల వ్యాసంలో ఏఓ1కి 12, ఏఓ2కి 12, ఏఓ3కి 6. ఏఓ1 అంటే ప్రశ్నకి సూటిగా జవాబు, దానికి మూలంలోంచి ఆధారం. ఏఓ2 అంటే రచయిత భాషని, నిర్మాణాన్ని ఎలా వాడాడన్నది. ఏఓ3 అంటే కాలం, సమాజం, భావాల నేపథ్యం. వ్యాసాన్ని ఆరు లెవెల్స్‌లో కొలుస్తారు, ఒక్కో లెవెల్‌కి 5 మార్కులు. లెవెల్ 4కి ‘క్లియర్’ అన్న మాట, లెవెల్ 5కి ‘థాట్‌ఫుల్’, లెవెల్ 6కి ‘కన్విన్సింగ్’. చిక్కంతా ఇక్కడే. ఈ విశేషణాలు చదివి పిల్లలు తమ పేపర్ తాము దిద్దుకుంటే ప్రతి పేరా థాట్‌ఫుల్‌గానే కనిపిస్తుంది. అందుకే అంకె వేయమని అడగను. మూడు ప్రశ్నలు అడుగుతాను. పేరా మొదటి వాక్యంలో ప్రశ్నలోని కీలకపదానికి జవాబు ఉందా? కోట్‌లోంచి ఏ ఒక్క మాటని విప్పి చూపించావు? రచయిత ఆ పని ఎందుకు చేశాడో ఎక్కడ చెప్పావు?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది పని కోసం అల్లిన వాక్యం, ఏ పుస్తకంలోదీ కాదు: “ద లాంప్ వాజ్ స్టిల్ వార్మ్, బట్ ద చెయిర్ వాజ్ ఎంప్టీ.” మధ్యస్తంగా రాసే విద్యార్థి “ఇక్కడ రచయిత కాంట్రాస్ట్ వాడి పాఠకుడికి ఆసక్తి కలిగించాడు” అంటాడు. టెక్నిక్ పేరు కరెక్టే, కానీ ఈ మాట లోకంలో ఏ వాక్యానికైనా అతుకుతుంది. దీన్నే తిరగరాస్తే: ‘స్టిల్’ అన్న మాట వల్ల మనిషి వెళ్లి ఎంతోసేపు కాలేదని తెలుస్తోంది. వెచ్చదనం దీపానికే మిగిలింది, మనిషిది కాదు. దీపం ముందు రావడంతో ఎవరో ఉన్నారన్న ఆశ పుడుతుంది, ‘బట్’ దాన్ని తుంచేస్తుంది. మనిషి ఉండాల్సిన చోట వాక్యం ‘ఎంప్టీ’తో ఆగిపోతుంది. అయితే వెచ్చగా ఉంది కాబట్టి తిరిగి రావచ్చన్న ఆశ కూడా అందులోనే ఉంది. ఇందులో కొత్త టెక్నిక్ పేరు ఒక్కటీ లేదు. ఒక్కో మాట దగ్గర ఆగడం, రెండో అర్థానికి చోటివ్వడం, అంతే. పై లెవెల్స్‌కి దారి ఇదే. ‘పాలిసిండెటన్’ లాంటి టెక్నిక్ పేర్లు బట్టీపట్టించే వీడియోలు ఈ ముక్క చెప్పకుండా వదిలేస్తున్నాయి.

పని చేయించే తీరు ఇలా. ఒక పాత ప్రశ్నకి ఒక్క పేరా, 12 నిమిషాలు, 120 నుంచి 150 మాటలు. రాశాక మూడు రంగుల హైలైటర్లు: వాదనకి ఆకుపచ్చ, మాటల విశ్లేషణకి పసుపు, నేపథ్యానికి నీలం. చాలామంది పేరాలో కోట్ తర్వాత పసుపు ఒక్క గీతే ఉంటుంది, తర్వాత కథ మళ్లీ చెబుతారు. కథ చెప్పిన వాక్యాలకి ఏ రంగూ పడదు, లోపం కంటికే కనిపిస్తుంది. దిద్దిన పేరాని మర్నాడు చూడకుండా మళ్లీ రాయాలి. ఈ రెండోసారి రాయడం దగ్గరే పిల్లలు మొండికేస్తారు, “నిన్ననే రాశాను కదా” అంటారు. వదలకండి. దిద్దుబాటు చదివి తలూపడం వేరు, దాన్ని చేత్తో దింపడం వేరు.

నేపథ్యం దగ్గర జరిగే నష్టం కాస్త విడిగా చెప్పాలి. 30లో 6 మార్కులే అయినా కొందరు పేజీ మూడో వంతు దానికే ఖర్చుపెడతారు: అప్పుడు రాజెవరు, రచయిత ఎక్కడ పుట్టాడు, ఆడవాళ్లకి హక్కులు లేవు. సులువైన పరీక్ష ఒకటుంది. ఆ వాక్యాల్ని తీసేసి పేరా చదవండి. వాదనకి ఏ లోటూ రాకపోతే వాటికి మార్కు పడదు. ఆ కాలపు భావం పాత్ర చేసిన పనిని వివరిస్తేనే లెక్కలోకి వస్తుంది, అది అర వాక్యంలోనూ రావచ్చు.

స్పెల్లింగ్, విరామచిహ్నాలకి షేక్‌స్పియర్ ప్రశ్నలో 4, ఆధునిక రచన ప్రశ్నలో 4 మార్కులు ఉన్నాయి. పాత్రల పేర్లు, రచయిత పేరు, అపాస్ట్రఫీలు చూసుకోవడానికి ఈ రెండు వ్యాసాల చివర మూడేసి నిమిషాలు చాలు.

ఎగ్జామినర్ రిపోర్టుని ఎవరూ తెరవరు, నాకు దీనిమీద కొంచెం బాధే. కొన్ని పేజీలే ఉంటుంది. పిల్లలు మూకుమ్మడిగా ఎక్కడ తప్పుతున్నారో దిద్దినవాళ్లే చెబుతున్న కాగితం అది. వరసగా రెండు మూడు సిరీస్‌లవి చదివితే ఒకే మాటలు తిరిగి వస్తాయి: ప్రశ్నకి జవాబు చెప్పండి, టెక్నిక్ పేర్ల జాబితా వద్దు, కోట్ అక్షరాలా గుర్తులేకపోయినా ఆ సన్నివేశాన్ని కచ్చితంగా ప్రస్తావిస్తే అదీ ఆధారమే. ఈ చివరి మాట వింటే బట్టీ భయం సగం తగ్గుతుంది. సరికొత్త పేపర్లు కొంతకాలం బడుల దగ్గరే ఉంటాయి, వాటికోసం టీచర్ని అడగండి. పాతవాటితో పని జరిగిపోతుంది.

ఫ్లాష్‌కార్డులకి ఆంకీ యాప్ అయినా, అట్టముక్కలైనా ఒకటే. ఒక్కో రచనకి 8 నుంచి 10 కోట్స్ చాలు, ఒక్కోటి మూడు నుంచి ఆరు మాటలు. కార్డు ముందువైపు కోట్ మొదటి సగం రాస్తే పరీక్షలో అక్కరకు రాదు, అక్కడ ఎవరూ మొదటి సగం అందించరు. ముందువైపు ‘అధికారం’, ‘అపరాధభావం’ లాంటి ఇతివృత్తం, వెనకవైపు కోట్, అందులో విప్పాల్సిన మాట, ఏ సన్నివేశంలోదన్నది ఉండాలి. అరవై కార్డులు అందంగా తయారుచేసి రెండు వారాలు ఆ తయారీలోనే గడిపేసే పిల్లలు ఎక్కువ. కార్డులు ముందుగా కావలసింది ఆధునిక రచనకి, ఎందుకంటే అక్కడ మూలం అచ్చువేసి ఇవ్వరు. ఆంథాలజీలో ఒక క్లస్టర్‌కి, అంటే ఒక ఇతివృత్తం కింద కూర్చిన గుంపుకి, 15 కవితలు. ఒకటి అచ్చులో ఇస్తారు, పోల్చడానికి రెండోది గుర్తుండాలి. ఆరు కవితలు నాలుగేసి చిన్న కోట్స్‌తో గట్టిగా పట్టుకుని, మిగతావి కాగితం మీద కనిపిస్తే విశ్లేషించేంత అర్థం చేసుకుంటే సరిపోతోంది.

తక్కువ శ్రమతో ఎక్కువ వచ్చేది చూడని కవితల దగ్గర. మొదటి కవితకి 24, రెండు కవితల పోలికకి 8, మొత్తం 32. రెండు పేపర్లూ కలిపిన 160లో అయిదో వంతు, బట్టీ పట్టాల్సింది సున్నా. ఇక్కడ నేపథ్యానికి మార్కులే లేవు, కవి జీవితం ఊహించి రాయకండి. 8 మార్కుల ప్రశ్నలో ఏఓ2 మాత్రమే చూస్తారు. “రెండిట్లోనూ బాధ ఉంది” అని ఆగిపోతే ఏమీ రాదు. ఒకదాంట్లో పాదాలు ఫుల్‌స్టాప్‌తో తెగుతున్నాయి, ఇంకోదాంట్లో ఒక పాదం తర్వాతి దాంట్లోకి పారుతోంది, దానివల్ల బాధ అణిచిపెట్టినట్టు ఒకచోట, కట్టలు తెంచుకున్నట్టు ఇంకోచోట వినిపిస్తోంది అంటే మార్కులు వస్తాయి. రెండు పేరాలు చాలు.

ఈ భాగం రెండో పేపర్ చివర ఉండటమే ప్రమాదం. 135 నిమిషాల్ని మూడు 45లుగా కోయాలి, చివరి 45లో 30 నుంచి 33 మొదటి కవితకి, మిగిలింది పోలికకి. ఆధునిక రచన ప్రశ్న మీద మోజుతో గంట లాగితే పోయేది ఈ మార్కులే. ఏ వరసలో రాసినా దిద్దుతారు, కాబట్టి టైం చాలని పిల్లలు చూడని కవితల్ని ముందే రాయొచ్చు. కానీ ఆ నిర్ణయం ఇంటి దగ్గర ఒకటి రెండు పేపర్లలో పరీక్షించి తీసుకోవాలి, హాల్లో కాదు. మొదటి పేపర్‌లో ప్రశ్నకి 52 నిమిషాలు వస్తాయి. మొదటి 7, 8 నిమిషాలు ఇచ్చిన భాగం చదవడానికి, ప్లాన్‌కి.

మోడల్ ఆన్సర్ల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గ్రేడ్ 9 వ్యాసం చదివితే మంచిదే, దాన్ని కంఠతా పట్టి వేరే ప్రశ్నకి దింపితే ఏఓ1 అక్కడే పోతుంది. అలాంటి వ్యాసం చేతికొస్తే పిల్లల చేత రంగులు వేయించండి, కాపీ చేయించకండి. అలాగే ఇంట్లో దిద్దిన మార్కుని గ్రేడుగా మార్చే లెక్కలు నమ్మకండి, గ్రేడ్ హద్దులు ప్రతి ఏడాదీ మారతాయి.

పద్ధతికి పరిమితి కూడా ఉంది. మూల పుస్తకం ఒక్కసారైనా పూర్తిగా చదవని విద్యార్థికి ఇవేవీ పనిచేయవు, ముందు ఆ పని కానివ్వాలి. ఆరు వారాలే మిగిలితే నేను వేసే వరస ఇది: మొదటి వారం నుంచే వారానికి రెండు చూడని కవితలు; తొలి నాలుగు వారాలు రోజుకో పేరా, మర్నాడు దాని తిరగరాత; కార్డులు రోజూ పది నిమిషాలు. పూర్తి పేపర్లు అయిదో వారంలోనే మొదలు, రెండుకి మించి వద్దు. ఒకటి రాసి దిద్దడం అయ్యాకే రెండోది. ఆరో వారంలో కొత్త పేరాలు ఆపేసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన వ్యాసంలోంచి రెండు పేరాలు తీసి మళ్లీ రాయించండి.