ఊనిక గుర్తు లేని కార్డులతో రెండేళ్లు

రష్యన్‌లో వాద్యాల పేర్లు నేర్చుకోవడానికి రెండేళ్లుగా నేను ఫోనులో వాడుతున్న ఒక కార్డుల యాప్ గురించి ఇది. ఒకవైపు బొమ్మ, రెండోవైపు మాట, నొక్కితే ఉచ్చారణ. ఇలాంటివి ఎలా పనిచేస్తాయో అందరికీ తెలిసిందే కనుక ఆ వివరాలు వదిలేస్తున్నాను. మాస్కోలో మా అమ్మాయిని పిల్లల సంగీత పాఠశాలలో వయొలిన్‌కు చేర్పించేసరికి, అంతవరకూ సంతకూ మెట్రోకూ సరిపోయిన నా రష్యన్ ఒక్కసారిగా చాలకుండా పోయింది. అప్పుడు ఈ కార్డులు నిజంగానే ఆదుకున్నాయి. అయినా నాకొక ఫిర్యాదు ఉంది, అది రెండేళ్లయినా చల్లారలేదు: వీటిలో ఏ మాట మీదా ఊనిక గుర్తు, అంటే ఏ అచ్చును నొక్కి పలకాలో చూపే గుర్తు, లేదు.

మనం రాసింది రాసినట్టే చదివే అలవాటులో పెరిగాం. రష్యన్ అలా కుదరదు. మాటలో ఊనిక పడిన అచ్చే నిండుగా పలుకుతుంది, ఊనిక లేని 'ఒ' దాదాపు 'అ' అయిపోతుంది. అక్షరాలను బట్టి 'గొబొయ్' అనిపించే ఓబో వాద్యం పేరు నోట 'గబోయ్' అవుతుంది. ట్రాంబోన్ 'త్రంబోన్', డబుల్ బాస్ 'కంత్రబాస్', చెల్లో 'వియలన్‌చేల్'. ఊనిక ఎక్కడుందో తెలియకపోతే ఏ 'ఒ' నిలుస్తుందో, ఏది మారుతుందో చెప్పడం అసాధ్యం. పత్రికల్లో, పుస్తకాల్లో రష్యన్లు ఆ గుర్తు వేయరు, వాళ్లకు అవసరం లేదు. నిఘంటువులు వేస్తాయి, విదేశీయుల కోసం రాసిన వాచకాలు వేస్తాయి. నేర్చుకునేవారి కోసమే తయారైన కార్డులు ఎందుకు వేయకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దీని ఫలితం మొదటి ఏడాది చివర నా అనుభవంలోకి వచ్చింది. అంతకుముందు ఈ కార్డుల ఉచ్చారణను నేను చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. గొంతు స్పష్టంగా ఉంటుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే అది మనిషి గొంతు కాదు, రాతను చూసి యంత్రం చదివేది. రష్యన్‌లో ఒకే అక్షరాలతో రాసే మాటలు రెండున్నాయి: ఊనిక మొదట్లో ఉంటే 'ఓర్గన్', అంటే శరీరంలోని అవయవం, లేదా ప్రభుత్వ సంస్థ, చివర ఉంటే 'అర్గాన్', అంటే పెద్ద గొట్టాలతో మోగే ఆర్గన్ వాద్యం. రాతలో గుర్తు లేదు కనుక యంత్రం ఆ గొట్టాల బొమ్మ కిందే 'ఓర్గన్' అని చదివేది. నేను నెలల తరబడి అలాగే వల్లె వేశాను.

ఒక సాయంత్రం తరగతి అయ్యాక మా అమ్మాయి ఉపాధ్యాయురాలితో, పాపకు ఓర్గన్ గురించి ఒకటే ధ్యాసగా ఉంది, ఎక్కడికి తీసుకెళ్లమంటారు అని అడిగాను. ఆవిడ ముఖం మారిపోయింది. పాపకు ఒంట్లో ఏమైందని, నొప్పి ఎక్కడని కంగారుగా అడిగారు. ఆవిడ ఎందుకు అలా అడుగుతున్నారో అర్థంకాక నేను ఫోను తీసి కార్డులోని బొమ్మ చూపించాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని, పాప పుస్తకంలో ఆ మాటను పెన్సిలుతో రెండుసార్లు రాసి, ఒకదానిలో 'ఒ' మీద, మరొకదానిలో 'అ' మీద చిన్న ఏటవాలు గీత పెట్టి, రెండూ నెమ్మదిగా చదివి వినిపించారు. ఆ గీతను చూపించి 'ఉదరేనియె' అన్నారు. ఊనికకు రష్యన్ మాట అది. అందులో ఉన్నది 'ఉదార్', అంటే దెబ్బ. డప్పు, డ్రమ్ము జాతి వాద్యాలను 'ఉదార్నియె' అనేదీ ఆ మాటతోనే. వాద్యాల పేర్లు నేర్పే కార్డులలో లేనిది సరిగ్గా ఆ దెబ్బే.

ఆ రాత్రే సొంత రాత మొదలుపెట్టాను. ప్రతి కార్డులోనూ గమనిక రాసుకునే చోట ఉచ్చారణను తెలుగు లిపిలో రాశాను. ఊనిక పడిన అచ్చు రష్యన్‌లో కొంచెం సాగుతుంది కూడా, కాబట్టి దానికి దీర్ఘం, మిగతావాటికి హ్రస్వం: స్క్రీప్క (వయొలిన్), గితార, బలలాయ్క (మూడు తీగల రష్యన్ వాద్యం), బరబాన్ (డ్రమ్ము), గూస్లి (రష్యన్ తీగల వాద్యం), లితావ్రి (పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్ములు). పడటానికీ పాడటానికీ ఒక్క దీర్ఘమే తేడా అయిన భాష మనది; మన కన్ను దీర్ఘాన్ని జారవిడవదు. ఇంత చక్కగా కుదురుతుందని నేను ఊహించలేదు, ఈ రెండేళ్లలో నాకు దక్కిన అతి పెద్ద సంతోషం ఇదే. అయితే ఇదీ సంపూర్ణం కాదు. ట్రంపెట్ ఒకటైతే 'త్రుబా', అనేకమైతే 'త్రూబి'. తీగ 'స్త్రునా', తీగలు 'స్త్రూని'. ఊనిక చోటు మారే ఇలాంటి మాటలకు రెండు రూపాలూ రాసుకోక తప్పలేదు.

మనిషి గొంతు కోసం, రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో పిల్లలకోసం కూర్చిన 'పేత్య, తోడేలు' అనే సంగీత కథ రష్యన్ రికార్డింగులు విన్నాను. పిట్టకు ఫ్లేయ్త, బాతుకు గబోయ్, పిల్లికి క్లర్నేత్, తాతకు ఫగోత్ (బసూన్) అని కథకుడు పరిచయం చేస్తుంటే ఆ వాద్యాలు వినిపిస్తాయి. ఈ నాలుగూ నాకు కార్డుల వల్ల కాక అలాగే వచ్చాయి.

బొమ్మలు బాగుంటాయని కూడా ఒకప్పుడు చెప్పేదాన్ని. బాగానే ఉంటాయి, కానీ తిత్తితో మోగే రెండు వాద్యాలు, బయాన్‌కూ అకర్దిఓన్‌కూ (అకార్డియన్), ఒకే బొమ్మ పెట్టారు. బయాన్‌కు రెండువైపులా బొత్తాలే. అకర్దిఓన్‌కు కుడివైపు పియానో మెట్లు. మా పాఠశాలలో వీటికి వేర్వేరు తరగతులే ఉన్నాయి. మరొక సంగతి: రష్యన్‌లో ఆటకూ వాద్యానికీ క్రియ ఒక్కటే, 'ఇగ్రాత్', ఆటకైతే 'వ్', వాద్యానికైతే 'న' అనే విభక్తి మాట ముందు చేరుతుంది. మనకు ఆడటం, వాయించడం వేరు కనుక, 'న స్క్రీప్కె' (వయొలిన్ మీద) అన్న రూపం కూడా కార్డు మీద ఉంటే మేలయ్యేది.

కచేరీ కరపత్రాలు చదివి అర్థం చేసుకుంటే చాలనుకునేవారికి ఈ యాప్ సరిపోతుందనే అనుకుంటాను. నాకు వారానికి రెండుసార్లు ఉపాధ్యాయులతో మాట్లాడాల్సిన అవసరం ఉంది, అందుకే నా కోపం కొంచెం ఎక్కువేమో. ఎనభై కార్డుల మీద నా తెలుగు రాత ఉంది, దాన్ని వదులుకోలేక ఈ ఏడాది చందా మళ్లీ కట్టాను. కొత్తగా కొనాలనుకునేవారు డబ్బు కట్టేముందు ఆర్గన్ కార్డు ఒక్కటి తెరిచి వినండి. అది 'ఓర్గన్' అనే పలుకుతుంటే, పక్కన ఒక నిఘంటువు, ఒక పెన్సిలు పెట్టుకోకుండా మొదలుపెట్టవద్దు.